కొలెస్ట్రాల్ మాత్ర: వేసుకోవాలా, ఆపాలా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి తమ్ముడు నాకు పది నిమిషాలిచ్చి, "ఆరోగ్యం గురించి ఏదైనా చెప్పన్నా" అన్నాడు. విషయం వెతుక్కునే పని పడలేదు. నిన్న రాత్రి మా బ్యాచ్ పదకొండు మందిమి కలిసి భోంచేశాం. చేతులు కడుక్కోగానే ఏడుగురి జేబుల్లోంచి మాత్రలు బయటికొచ్చాయి. ఆరో తరగతిలోనూ ఆ జేబుల నిండా గోలీలే, ఇప్పుడూ గోలీలే! వాళ్లలో ముగ్గురు ఒకటే అడిగారు: "ఈ కొలెస్ట్రాల్ మాత్రతో కాళ్లు లాగుతాయంట గదా, ఆపేస్తే ఏం?"

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఆరేళ్ల కిందట నా గుండెకు స్టెంట్ వేసి, అటోర్వాస్టాటిన్ రాశారు. కొన్ని నెలలకు తొడలు, పిక్కలు పట్టేయసాగాయి. పుత్తూరు వాళ్లకు నొప్పి అంటే ముందు గుర్తొచ్చేది కట్టే. మా అక్క కూడా "పోయి కట్టు కట్టించుకోరా" అంది. ఇది ఎముక బాధ కాదు, కండరాల బాధ అని నాకు తెలుసు. డాక్టర్‌ని కదా, అన్నీ తెలుసనుకుని ఎవరినీ అడగకుండా మాత్ర ఆపేశాను. నాలుగు నెలలకు మెట్లెక్కుతుంటే ఛాతీ బరువెక్కింది. 64 ఉన్న ఎల్‌డీఎల్ 139కి చేరింది. నొప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. రక్తపరీక్షలో తేలిందేమంటే, నా థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదు. అది మందగిస్తే కండరాలు నొస్తాయి, కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది. దానికి మందు వాడాక, స్టాటిన్‌ను తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు రోజూ నడుస్తున్నాను.

అలాగని స్టాటిన్ వల్ల ఏ నష్టమూ లేదనడం లేదు. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో బూజు నుంచి మొదటి స్టాటిన్‌ను తీశాడు. 1987లో లోవాస్టాటిన్ అమెరికాలో మార్కెట్‌లోకి వచ్చింది. సెరివాస్టాటిన్ అనే రకం కండరాలను తీవ్రంగా దెబ్బతీసి ప్రాణాల మీదికి తెచ్చినందున 2001లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. కాబట్టి భయానికి ఆధారం లేకపోలేదు. అయితే ఆ భయం ఎంతవరకు సబబో లెక్క చూసుకోవాలి.

2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, ఇదివరకే గుండె జబ్బు ఉన్న 10,000 మంది అయిదేళ్లు స్టాటిన్ సరిగా వాడితే దాదాపు 1,000 మందికి గుండెపోటు, పక్షవాతం లాంటివి తప్పుతాయి. జబ్బు రాకున్నా వచ్చే ముప్పు ఎక్కువున్న 10,000 మందిలో దాదాపు 500 మందికి తప్పుతాయి. నష్టం వైపు చూస్తే, తీవ్రమైన కండరాల జబ్బు 5 మందికి, కొత్తగా షుగర్ 50 నుంచి 100 మందికి, మెదడులో రక్తస్రావం 5 నుంచి 10 మందికి. షుగర్ కూడా ఎక్కువగా అప్పటికే దాని అంచున ఉన్నవాళ్లకే వస్తుంది.

మరి కాళ్ల నొప్పుల సంగతి? లండన్‌లో స్టాటిన్ పడక మానేసిన 60 మందికి పన్నెండు నెలలకు పన్నెండు సీసాలిచ్చారు. నాలుగింటిలో స్టాటిన్, నాలుగింటిలో మందు లేని ఉత్తి మాత్రలు, నాలుగు ఖాళీవి. ఏది అసలు మాత్రో, ఏది ఉత్తిదో వాళ్లకు చెప్పలేదు. స్టాటిన్ నెలల్లో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తి మాత్ర నెలల్లోనూ వచ్చాయి. 2020లో ఈ ఫలితాలు వచ్చాయి. వాళ్ల నొప్పి అబద్ధం కాదు, నిజంగానే నొచ్చింది. కానీ చాలావరకు దానికి కారణం మాత్రలోని మందు కాదు.

ఇక మీ ప్రశ్నకు జవాబు. ముందు మీరు ఏ వరసలో ఉన్నారో చూసుకోండి. గుండెపోటు, స్టెంట్, బైపాస్, పక్షవాతం వీటిలో ఏదైనా అయినవాళ్లు మొదటి వరస. మీకు ఈ మాత్ర చాలా అవసరం, సొంతంగా ఆపొద్దు. ఇవేవీ లేక, రిపోర్టులో ఒక అంకె మాత్రమే పెరిగినవాళ్లది రెండో వరస. మీరు తొందరపడనక్కర్లేదు. వయసు, బీపీ, షుగర్, పొగతాగడం, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లున్నారా అన్నవి చూసి "నాకు ముప్పు ఎంత, మాత్రతో ఎంత తగ్గుతుంది?" అని డాక్టర్‌ని అడగండి. నిన్న అడిగిన ముగ్గురిలో ఒకడికి స్టెంట్ ఉంది, ఆపొద్దన్నాను. ఇంకొకడికి బీపీ, షుగర్ ఏవీ లేవు. ఆర్నెల్లు నడిచి, బీడీ మానేసి, మళ్లీ పరీక్ష చేయించుకుని డాక్టర్‌తో మాట్లాడమన్నాను. మూడోవాడికి షుగర్ ఉంది. గుండెపోటు రాకపోయినా అతనికి మాత్ర అవసరమే అన్నాను.

నొప్పులొస్తే డాక్టర్‌కి చెప్పండి. సీకే, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. వేరే ఏ మందులు వాడుతున్నారో దాచొద్దు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ కొన్ని స్టాటిన్లతో కలిస్తే ప్రమాదం. డాక్టర్ కొన్నాళ్లు ఆపి చూడొచ్చు, మోతాదు తగ్గించొచ్చు, రోసువాస్టాటిన్ లాంటి వేరే రకానికి మార్చొచ్చు. ఏదీ పడకపోతే ఎజెటిమైబ్ లాంటి వేరే మందులున్నాయి. కానీ కండరాల్లో బలం పూర్తిగా తగ్గిపోయినా, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా, మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

మా పదో తరగతి ఫోటోలో ముప్పై ఎనిమిది మందిమి. అందులో అయిదుగురు ఇప్పుడు లేరు, ముగ్గురిని గుండెపోటే తీసుకుపోయింది. వాళ్లలో ఒకడు మాత్ర ఆపేశానని ఫోన్‌లో చెప్పినప్పుడు నేను గట్టిగా వద్దనలేదు. ఆ బాధతోనే ఈ మాటలు చెప్పాను.

మన అయివార్లు హాజరు పిలిచేటప్పుడు పలకనివాడికి దెబ్బలు పడేవి. వచ్చే సమావేశంలో ఎవరి పేరు పిలిచినా "ఉన్నాను సార్" అని గట్టిగా పలకండి. సెలవు.