సాగితేనే బిగువు



భోగాపురం విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచీ మా రాజాం బస్టాండులో కూడా విమానాల మాటే. ఆ పని తీసుకున్న సంస్థ అధిపతి గ్రంథి మల్లికార్జునరావు గారు మా ఊరివారు. ఇక్కడ జనపనార వ్యాపారంతో మొదలుపెట్టి హైదరాబాదు, ఢిల్లీ విమానాశ్రయాలు కట్టేదాకా ఎదిగారు. ఈ సందడిలో ఆకాశవాణి మిత్రులు నా దగ్గరికి వచ్చి, "విమానాల గురించి ఏదైనా చెప్పండి మేస్టారూ" అన్నారు. రెక్కల గురించీ పైలట్ల గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఐటీఐలో ఫిట్టరు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఇంజను లోపల నూనెలో మునిగి ఎవరికీ కనపడని సామాన్ల మీదే మొదట్నుంచీ మోజు. అందుకని పిస్టన్ ఇంజను విమానాల్లో బేరింగులు, బోల్టులు, వాటి తనిఖీ, వాటి పోషణ గురించి మాట్లాడతానన్నాను. బేరింగు, బోల్టు, ఆయిలు, పరీక్షలు, రికార్డు పుస్తకాలు అని అయిదు అంశాలు కాగితం మీద రాసిచ్చాను కూడా.

పిస్టను ఎందుకు కదులుతుందో, క్రాంకు ఎందుకు తిరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. చెరుకు గానుగ దగ్గర ఆయిలింజను హ్యాండిలు తిప్పినవాళ్లు, చేలకు నీళ్లు తోడినవాళ్లు ఈ ప్రసంగం వింటున్నారు. మనం టిక్కెట్టు కొని ఎక్కే పెద్ద విమానాలు ఇప్పుడు చాలావరకు జెట్ ఇంజన్లవే. పిస్టన్ ఇంజన్లు ముఖ్యంగా పైలట్లకు శిక్షణ ఇచ్చే చిన్న విమానాల్లో మిగిలాయి. హైదరాబాదు బేగంపేటలో అలాంటివి చాలాకాలంగా ఎగురుతున్నాయి. సెస్నా 152 అనే రెండు సీట్ల విమానంలో ఉండేది 110 గుర్రాల లైకమింగ్ ఇంజను. అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు సిలిండర్లు. గాలికే చల్లబడుతుంది.

మొదట బేరింగు. క్రాంక్ షాఫ్టు కింద గోళీల బేరింగులు ఉండవు. రెండు అరచిప్పలు ఉంటాయి, షాపుల్లో షెల్స్ అంటారు. షాఫ్టుకీ చిప్పకీ మధ్య ఉండే సందును అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. రెండు థౌ, మూడు థౌ అనుకుంటారు మెకానిక్కులు. ఆ సందులోకి పంపు నూనె తోస్తుంది. షాఫ్టు తిరగడం మొదలయ్యాక ఇనుము ఇనుమును తాకదు, నూనె మీద తేలుతుంది.

ఈ సంగతి లోకానికి తెలిసిన తీరు భలేగా ఉంటుంది. 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. నూనె పొయ్యడానికని బేరింగు నెత్తిన చిల్లు వేశాడు. మిషను తిప్పేసరికి పోసిన నూనె లోపలికి పోవడం మానేసి పైకి ఉబికి వచ్చింది. నేలంతా పాడవుతోందని కార్కు బిరడా పెట్టాడు, అది ఊడి వచ్చింది. కర్ర బిరడా కొట్టాడు, దాన్నీ తోసేసింది. ఇదేదో చూడాలని ప్రెషర్ గేజి బిగిస్తే ముల్లు 200 పౌన్లు దాటిపోయింది. షాఫ్టు తన తిరుగుడుతోనే నూనెను లోపలికి లాక్కుని, అంత ఒత్తిడి పుట్టించి, తన మీది బరువును తానే ఎత్తుకుంటోందన్నమాట. మూడేళ్ల తర్వాత 1886లో ఆస్బర్న్ రెనాల్డ్స్ దానికి లెక్క కట్టాడు. ఇప్పటికీ విమానం ఇంజను బేరింగును ఆ లెక్కతోనే డిజైను చేస్తారు.

అందుకే బేరింగు అరుగుదల ముఖ్యంగా స్టార్టు చేసిన మొదటి క్షణాల్లోనే, నూనె ఇంకా అందకముందే. వాడకుండా మూల పడేసిన ఇంజను రోజూ వాడే ఇంజను కన్నా తొందరగా పాడవుతుందని చెబితే మా విద్యార్థులు నమ్మేవారు కాదు. మన సముద్రపు గాలిలో అయితే లోపలి ఉక్కు మీది నూనె పొర జారిపోయాక తుప్పు పట్టడానికి ఎంతోకాలం పట్టదు. ఇలాంటి ఇంజన్లను మోడలును బట్టి సుమారు 2000 గంటలు నడిచాకో, ఎన్ని గంటలు నడిచినా సరే 12 ఏళ్లు నిండాకో పూర్తిగా విప్పి బాగుచెయ్యాలని లైకమింగ్ కంపెనీ చెబుతుంది. నడవకపోయినా వయసు లెక్కే.

ఇక ఆ చిప్పల మీది పూత గురించి కాస్త ఆగి చెప్పాలి. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ అనే ఆయన తగరం ఎక్కువగా, రాగి, యాంటిమొనీ కొద్దికొద్దిగా కలిపి మెత్తటి లోహం చేశాడు. ఆయన వృత్తి కంసాలి పని. మన షాపుల్లో ఆ లోహాన్నే వైట్ మెటల్ అంటారు. మెత్తనిది కాబట్టి చిన్న ఇసుక రేణువు పడినా తనలో పొదుగుకుంటుంది, షాఫ్టును గీరనివ్వదు. నూనె ఆగిపోతే తానే కరిగిపోయి షాఫ్టును దక్కిస్తుంది.

రాజాంలో పాలకొండ రోడ్డు మీద మా మేనమావ రేకుల షెడ్డు ఉండేది. బియ్యం మిల్లుల ఇంజన్లు, గానుగ ఇంజన్లు అక్కడికే వచ్చేవి. మావయ్య వైట్ మెటల్ పోస్తున్నాడంటే ఎండాకాలం సెలవుల్లో నేను అన్నం మానేసి కూర్చునేవాణ్ణి. ముందు పాత మెటలు కరిగించి తీసేవాడు. చిప్పను శుభ్రంగా కడిగి కళాయి పెట్టేవాడు. ఇంట్లో ఇత్తడి గిన్నెలకు పెట్టే కళాయే. ఆ తగరం సరిగ్గా పట్టకపోతే మీద పోసిన మెటలు నాలుగు రోజుల్లో పెచ్చులూడుతుంది. షాఫ్టు సైజుకు సరిపడే ఇనప కడ్డీకి కిరసనాయిలు దీపం మసి పట్టించేవాడు, మెటలు దానికి అంటుకోకుండా. సందులన్నీ బంకమట్టితో మూసేవాడు. మెటలు తగినంత కాగిందో లేదో చూడ్డానికి థర్మామీటరు లేదు. చీపురు పుల్ల ముంచేవాడు. పుల్ల కమిలి పొగ వస్తే సరే. భగ్గుమని మంట లేస్తే ఎక్కువ కాగినట్టు, దించి ఆరనివ్వాలి. పొయ్యడం మాత్రం ఒకే ధార. మధ్యలో చెయ్యి ఆగితే పొరలు పడతాయి.

చల్లారాక అసలు పని. నూనెలో రంగరించిన సింధూరం షాఫ్టుకు పల్చగా రాసి, చిప్పలు బిగించి, ఒక చుట్టు తిప్పి విప్పేవాడు. మెటలు ఎత్తుగా ఉన్నచోట ఎర్ర మచ్చలు పడేవి. మూడంచుల స్క్రేపరుతో ఆ మచ్చల్ని మాత్రమే గీకేవాడు. మళ్లీ రాయడం, మళ్లీ బిగించడం, మళ్లీ విప్పడం. చిప్పంతా మచ్చలు సమానంగా పరుచుకునే దాకా పొద్దున మొదలైన పని దీపాల వేళకూ తెమిలేది కాదు. మిల్లు యజమానులు గుమ్మంలో నిలబడి తొందర పెట్టినా మావయ్య తలెత్తేవాడు కాదు. ఇప్పుడు చాలా ఇంజన్లకు రెడీమేడ్ చిప్పలు అట్టపెట్టెలో వస్తున్నాయి, మార్చేసి పొమ్మంటున్నారు. స్క్రేపరు పట్టుకోవడం తెలిసిన చెయ్యి మా చుట్టుపక్కల ఇప్పుడు వెతికినా దొరకడం లేదు. నిజం చెప్పాలంటే విమానాల చిప్పల్ని గీకకూడదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పల్చటి పూత అది, గీకితే పోయినట్టే. కొలవాలి, సందు హద్దులో లేకపోతే మార్చాలి. కానీ మచ్చ ఎక్కడ పడిందో చూసి షాఫ్టు ఎటు వంగిందో చెప్పగలిగిన కన్ను విమానాల షెడ్డులో కూడా పనికొస్తుంది.

విమానాల బేరింగుల్లో బాగా ఖరీదైన చిప్పలు ఒకప్పుడు మన బేగంపేటకు వచ్చాయి. 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలు నడిపింది. అది నిజాం రాష్ట్ర రైల్వేకీ టాటాలకీ ఉమ్మడి కంపెనీగా మొదలైంది, 1953లో జాతీయం చేశారు. డకోటాకు రెండు ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు, ఒక్కోదానికి రెండు వరసల్లో 14 సిలిండర్లు. ఒక వరసలో ఉన్న ఏడు పిస్టన్ల దెబ్బా ఒక్క పెద్ద రాడ్డు బేరింగు మీదే పడుతుంది. ఆ బరువుకు వైట్ మెటల్ ఆగదని ప్రాట్ అండ్ విట్నీ ఇంజనీర్లు వెండి చిప్ప మీద సీసం, ఇండియం పూత వేసే పద్ధతి కనిపెట్టారు.

ఇప్పుడు బోల్టు. బోల్టంటే రెండు ముక్కల్ని కలిపి ఉంచే మేకు అనుకుంటాం. నులక మంచం అల్లినవాళ్లకు నేను చెప్పబోయేది తేలిగ్గా అర్థమవుతుంది. తాడు లాగి కట్టినంతసేపే మంచం బిగువు, సడలిందంటే పడుకున్నవాడు కదిలినప్పుడల్లా తాడు ఒరుసుకుని తెగుతుంది. బోల్టు కూడా బిగించినప్పుడు కొద్దిగా సాగాలి. సాగిన బోల్టు వెనక్కి లాగుతూ ముక్కల్ని నొక్కి పెడుతుంది. ఆ నొక్కుడు ఇంజను లాగే లాగుడు కన్నా ఎక్కువ ఉన్నంతకాలం, ఇంజను ఎంత ఊగినా బోల్టుకు ఆ ఊపులో చాలా కొద్దే తగులుతుంది. సడలితే మాత్రం ప్రతి ఊపూ దాని ఒంటికే తగిలి, ఎక్కడో కంటికి కనపడని బీట మొదలై, ఒకరోజు పుటుక్కుమంటుంది. నిమిషానికి 2400 చుట్లంటే సెకనుకు 40. 2000 గంటలంటే 28 కోట్ల 80 లక్షల చుట్లు. కనెక్టింగ్ రాడ్డు బోల్టు ఇన్ని చుట్లూ ఓర్చుకోవాలి.

ఎంత సాగిందో ఎలా తెలుస్తుంది? టార్క్ రెంచి చెప్పేది సగం నిజం. మనం పానా మీద పెట్టే శ్రమలో సుమారు పదింట తొమ్మిది వంతులు నట్టు కింద, మరల్లో రాపిడికే పోతుంది. నిజంగా బోల్టును సాగదీసేది మిగిలిన ఒక్క వంతే. మరలు పొడిగా ఉన్నాయా, నూనె రాశామా, ఏ నూనె రాశాం అన్నదాన్ని బట్టి అదే టార్కుకు బిగువు ఎంతో మారిపోతుంది. అందుకే పుస్తకంలో టార్కు అంకెతో పాటు ఏ నూనె రాయాలో కూడా ఉంటుంది. కొన్ని రాడ్డు బోల్టులకైతే టార్కును నమ్మకుండా, బిగించక ముందూ బిగించాకా బోల్టు పొడవు మైక్రోమీటరుతో కొలిచి, ఇంత సాగితేనే సరి అంటారు. మావయ్య దగ్గర మైక్రోమీటరు లేకపోయినా ఈ జ్ఞానం ఉండేది. నేను పొడుగాటి పైపు తొడిగి పానా లాగుతుంటే, "నీ బలం నట్టు మీద సూపించకురా గుంటడా, నీకంటే ముందే అది సచ్చిపోద్ది" అనేవాడు.

లైకమింగ్ ఇంజన్లో ఇంకో కిటుకుంది. క్రాంక్ కేసు రెండు బద్దల్ని అటూ ఇటూ కలిపి పట్టే పొడుగాటి త్రూ బోల్టులే సిలిండర్లనూ పట్టుకుంటాయి. సిలిండరు రిపేరుకని ఆ నట్లు విప్పామంటే, లోపల మెయిన్ బేరింగు చిప్పల మీది నొక్కుడు కూడా వదిలేసినట్టే. అప్పుడు తెలియక ప్రొపెల్లరు తిప్పితే చిప్ప జరిగి, నూనె వచ్చే చిల్లుకు అడ్డం పడొచ్చు. అందుకే సిలిండరు తీసిన చోట ప్లేటు పెట్టి నట్లు మళ్లీ బిగించి ఉంచాలి. ఇంకో పొరపాటు రంగు. సిలిండరు అడుగున నట్టు కూర్చునే చోట రంగు మిగిలితే, బిగించినరోజు బాగానే ఉంటుంది. తర్వాత వేడికి ఆ రంగు పొర అణిగి, అంతమేరకు బోల్టు సాగుడు తగ్గి, బిగువు పోతుంది. కాగితం మందం రంగు వల్ల ఇంజను పోవడం ఉంది.

బిగించాక కాటర్ పిన్ను, లాక్ వైరు. వాడిన పిన్ను మళ్లీ వాడకూడదు. వైరును అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు పెట్టి, బోల్టును బిగించే దిక్కుకే లాగేలా కట్టాలి. ఇంజను పూర్తిగా విప్పినప్పుడు రాడ్డు బోల్టులూ నట్లూ ఎంత బాగున్నా పారేసి కొత్తవి వెయ్యాలి. పాతవి తీసుకెళ్లి ట్రాక్టరుకు బిగించడానికీ వీల్లేదు.

ఆయిలు సంగతి బేరింగుతో పాటే వచ్చేసింది. పరీక్షల గురించి వివరంగా చెప్పాలనుకున్నాను గానీ స్టూడియో అద్దం అవతలి నుంచి గడియారం చూపిస్తున్నారు. రెండు ముక్కలు చెబుతాను. క్రాంక్ షాఫ్టును అయస్కాంతం చేసి, మెరిసే పొడి కలిపిన నూనె పోసి, అతినీలలోహిత దీపం కింద చూస్తే బీట పచ్చగా వెలుగుతుంది. బేగంపేటలో ఒక హ్యాంగర్లో నేను చూసింది ఇంకా సులువైనది. 50 గంటలకోసారి నూనె మార్చినప్పుడు ఫిల్టరును డబ్బా కోసినట్టు కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూస్తారు. మెరిసే రేణువులు కనిపిస్తే అయస్కాంతం పెడతారు. అంటుకుంటే ఉక్కు. అంటుకోకపోతే వేడి సోల్డరింగ్ రాడ్డు ఆనిస్తారు. కరిగిపోతే తగరమో సీసమో, అంటే బేరింగు మాట్లాడుతోందని అర్థం. రేణువు ఒకటి కనిపించిందని కంగారు పడరు. కిందటిసారి ఎంత ఉంది, ఇప్పుడెంత ఉంది అని పోల్చుకుంటారు.

పోల్చాలంటే కిందటిసారి రాసి ఉండాలి. అదే అయిదో అంశం, రికార్డు పుస్తకం. చేసిన ప్రతి పనీ తేదీతో, గంటలతో రాసి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం పెడితే గాని విమానం లేవదు. మన మిల్లుల్లో, మన ట్రాక్టర్లకు ఆ అలవాటే లేదు. ఎవడు ఎప్పుడు ఏ బోల్టు మార్చాడో చెప్పేవాడుండడు. విరిగినరోజు డ్రైవర్ని తిట్టుకుంటాం.

మన జిల్లాల్లో ఇంజనీరింగు చదివే పిల్లలు కంప్యూటరు తెరమీద క్రాంక్ షాఫ్టును చక్కగా తిప్పి చూపిస్తారు. పానా చేతికిస్తే ఎంత బిగించాలో తెలియదు. తప్పు వాళ్లది కాదు, ఇంజను తాకనివ్వని మనది. భోగాపురం రన్‌వే మీద దిగే విమానాల్ని చూసి చప్పట్లు కొట్టే పిల్లల్లో కొందరైనా వాటి బోల్టులు బిగించే చదువు చదవాలి. మీ ఊళ్లో వైట్ మెటల్ పోసే ముసలి మేస్త్రి ఎవరైనా మిగిలి ఉంటే, ఐటీఐ మేస్టార్లూ, దయచేసి ఈ ఏడాదే పిల్లల్ని ఆయన దగ్గరికి తీసుకెళ్లి ఆ పని చూపించండి, ఫోనులో వీడియో తీయించండి. ఇక ఆయిలింజను, మోటారు, ట్రాక్టరు ఉన్న రైతు సోదరులకు ఒక మాట. రేపే ఒక నోటు పుస్తకం కొని, నూనె మార్చిన తేదీతో మొదలుపెట్టండి.