పాకెట్ మీద ఎవరి చెయ్యి?

(హుజూర్‌నగర్‌లో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేము మాట్లాడేది కారప్పొడి పాకెట్ గురించి. పాఠాలు చెప్పుకునే సారు పాకెట్ల ముచ్చట ఎత్తుకున్నడేంది అని నవ్వకండి. గుడి మెట్ల మీద, మంచినీళ్ల బావి దగ్గర కూర్చున్న కులం కిరాణా కొట్టు అరలో కూడా కూర్చుంది.

బజారుకు పోయి చూడండి. ఒకప్పుడు పాకెట్ అంటే తళతళ మెరవాలె, సినిమా తార నవ్వాలె. ఇప్పుడు ఫ్యాషన్ మారింది. మెరుపు లేని సంచి, ముతక గోధుమరంగు కాగితం, చేత్తో రాసినట్టుండే అక్షరాలు. దాని మీద ముగ్గు, ఎడ్లబండి, రోలు, రోకలి. "అమ్మమ్మ చేతి వంట", "మన పల్లె రుచి" అని రాత. మిషన్ల పట్టిన కారమైనా రోట్లో దంచినట్టు కనబడాలె. పట్నపోళ్లు ఆ బొమ్మకే పైసలు ఎక్కువ ఇస్తున్నరు.

మేము అడుగుతున్నం: ఆ అమ్మమ్మ ఎవరి అమ్మమ్మ? పట్టుచీర, మండువా లోగిలి మన అవ్వకు ఎక్కడివి? మన అవ్వ మిరపతోటలో నడుం వంచి కాయ ఏరింది. కల్లంలో ఎండబోసింది, తొడిమెలు తీసింది. చేతులు మండి రాత్రి నిద్రపోలేదు. సాగర్ ఎడమ కాలువ కింద నాటేసింది ఆమెనే. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తా మోసింది మన తాతనే. పంట తీసిన చెయ్యి పాకెట్ మీద లేదు. కొన్ని పచ్చడి సీసాల మీదైతే "బ్రాహ్మణ వంట" అని బాహాటంగానే అచ్చేస్తరు. అది రుచి పేరా? ఎవరు ముట్టలేదో చెప్పే హామీ అది!

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గారు పల్లెను ఆకాశానికెత్తేవాళ్లను నిలదీశారు. ఆ పల్లెనే ఇవాళ బొమ్మ గీసి అమ్ముతున్నారు. ఆ బొమ్మలో ఊరుంటది, వాడ ఉండదు.

అమెరికాలో ఇంకో తీరు. అక్కడ అట్ల పిండి పాకెట్ మీద ఒక నల్లజాతి వంటామె బొమ్మ వేసి, "ఆంట్ జెమైమా" పేరుతో నూరేండ్లకు పైగా అమ్మారు. 2020లో నల్లవాళ్ల ఉద్యమం లేచినంక ఆ బొమ్మ తీసేశారు, 2021లో పేరు మార్చారు. అక్కడ పనిమనిషిగా ముఖం చూపించి అమ్మారు, ఇక్కడ ముఖమే చెరిపి అమ్ముతున్నారు. రెండింటిలోనూ గౌరవం లేదు.

ఇక మన సంగతి. పోయినేడు మన అక్కలు కారం, పసుపు పట్టించి పాకెట్లు కట్టిండ్రు. ఒక దుకాణాయన పాకెట్ వెనక్కి తిప్పి చదివిండు. "సరుకు మంచిగుంది. ఈ 'అంబేద్కర్ కాలనీ' తీసేసి ఉత్త ఊరిపేరు వెయ్యండి, పెడత" అన్నడు.

ఆ చిరునామా మేము గొప్పకు వేసుకున్నది కాదు. 2011 నిబంధనల ప్రకారం తయారుచేసినవాళ్ల పేరు, పూర్తి చిరునామా, నికర బరువు, నెల, సంవత్సరం, గరిష్ట ధర పాకెట్ మీద ఉండాల్సిందే. చట్టం రాయమన్నదాన్ని కులం చెరపమంటున్నది!

ఆ రాత్రి అందరం కూర్చున్నం. ఒక అక్క అన్నది: "సారూ, పౌరుషం మీకు, అప్పు మాకు. కిస్తీ ఎవరు కడ్తరు?" ఆ మాటలో తప్పు లేదు. బతుకు కోసం పేరు దాచుకున్నోళ్లను మేము నిందించం. ఉద్యోగం కొత్తలో అద్దె ఇంటి కోసం వాడ పేరు మింగేసినోళ్లం మేమూ. అయినా దాచిన పేరు గొంతులో ముల్లులాగే ఉంటది.

2016లో చంద్రభాన్ ప్రసాద్ గారు "దళిత్ ఫుడ్స్" అని పేరే పెట్టి కారం, పసుపు, పచ్చడి అమ్మకానికి తెచ్చారు. దాచడం మాని ముందే చెప్పారు. తెల్లారేసరికి మన అక్కలు కూడా తేల్చుకున్నరు. చిరునామా చెరపలేదు. ముందువైపు తొడిమెలు తీసే రెండు చేతుల బొమ్మ వేయించిండ్రు. ఆ దుకాణం పోయింది. కిస్తీ మాత్రం ఆగదు.

అందుకే ఈ మాట ఉద్యోగం చేసే మనోళ్లకు: నెలకు ఒక పాకెట్ మీ ఇంటికి తీసుకపోండి. కార్యకర్తలారా, ఏప్రిల్ 14 సభలో పుస్తకాల బల్ల పక్కన ఈ పాకెట్లకూ చోటియ్యండి. అవ్వలారా, చదువుకున్న మనవరాలితో ప్రతి పాకెట్ వెనక రాత చదివించుకోండి. పంట మన చేతిది. పాకెట్ మీద పేరు కూడా మనదే ఉండాలె.

జై భీమ్!