ఇంటి పిల్లికి మందు మింగించడం



పిల్లికి వైద్యమేమిటయ్యా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. గాదెల్లో ధాన్యం, కుండల్లో చోళ్ళు దాచుకొనే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పిల్లి వుత్తినే కూర్చుని తినే జీవి కాదు. ఎలకల మీద మనం పెట్టుకున్న కావలి. దానికి ఒళ్ళు వెచ్చబడితే, మనం వేసుకొనే జ్వరం మాత్రలో ముక్క విరిచి పెట్టేవాళ్ళు వున్నారు. ముందుగా చెప్పవలసింది దాని గురించే.

పారాసిటమాల్ పిల్లికి విషం. మన కాలేయం ఆ మందును మార్చి బయటికి పంపుతుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. అందుచేత మందు వికటించి నెత్తుటిలోని ఎర్రకణాలను పాడుచేస్తుంది, రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. కొద్ది గంటల్లోనే చిగుళ్ళు గోధుమరంగుకో నీలానికో తిరుగుతాయి. ముఖం, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. సగమే కదా వేశాము అనుకోవద్దు. తెలియక వేసివుంటే తెల్లవారేదాకా ఆగకుండా, మాత్రల అట్టతో సహా పశువైద్యుని దగ్గరకు వెళ్ళండి. గేదెల పిడుదులకు వాడే సైపర్‌మెత్రిన్ కూడా పిల్లి ఒంటికి రాయకూడదు.

కాబట్టి ఏ మందు, ఎంత అన్నది పశువైద్యుడే చెప్పాలి. విజయనగరం వైపు గరివిడిలో పశువైద్య కళాశాలే వున్నది. మోతాదు బరువునుబట్టి గనుక, పిల్లిని ఎత్తుకొని ఒకసారి, వదిలేసి ఒకసారి తూకమెక్కండి. తేడాయే దాని బరువు.

మాత్ర వేయడానికి ఇద్దరుంటే మంచిది. పిల్లి మెడలో గంట కట్టేదెవరని సామెత వుంది గాని, నన్నడిగితే గంట కట్టడమే సులువు. తలుపులు వేసి, మాత్ర చేతికందేలా పెట్టుకోండి. పాత చీరముక్కో తువ్వాలో తెచ్చి, నాలుగు కాళ్ళూ లోపలికి వచ్చేటట్టు చుట్టి, తల ఒక్కటే బయట వుంచాలి. ఊపిరాడేంత సడలింపు వుండాలి సుమా. పట్టుకొన్నవారు దాని వీపును తమ పొట్టకు ఆనించుకోవాలి. మందు వేసేవారు ఎడమచేతిని తలమీదుగా వేసి, బొటనవేలు ఒక బుగ్గకూ చూపుడువేలు మరో బుగ్గకూ, కోరపళ్ళ వెనక ఆనించి, ముక్కును కొంచెం పైకెత్తాలి. కుడిచేతి వేలితో కింది ముందుపళ్ళమీద మెల్లగా నొక్కితే నోరు తెరుస్తుంది. మాత్రను నాలుక మొదట్లో, నడిమధ్యన వదలాలి. పక్కకు పడితే వుమ్మేస్తుంది. వెంటనే నోరు మూసి గొంతు కింద నిమరండి. ముక్కు నాక్కున్నదంటే చాలావరకు మింగినట్టే.

పని అంతటితో అయిపోలేదు. పొడిమాత్ర గొంతు దిగక మధ్యలో ఆగితే పుండు పడుతుంది. డాక్సీసైక్లిన్‌తో ఆ భయం మరీ ఎక్కువ. సూదిలేని సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్ళు కొద్దికొద్దిగా పట్టండి.

నీళ్ళయినా, ద్రవం మందయినా తలెత్తి పోయకూడదు. దూడకు వెదురుగొట్టంతో పోసే అలవాటు మనకుంది (దూడకయినా అది మంచిది కాదు, ఆ సంగతి మరోరోజు). మందు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. తల మామూలుగానే వుంచి, సిరంజి కొనను బుగ్గకూ పళ్ళకూ మధ్య పెట్టి, అర మిల్లీలీటరు చొప్పున మింగనిస్తూ ఇవ్వాలి. దగ్గితే ఆపండి. నోరు తెరచి రొప్పుతుంటే వదిలేసి, తరువాత చూడండి.

కొన్ని పిల్లులు ముల్లు తీసిన ఉడికించిన చేపలో పెడితే మాత్ర తినేస్తాయి. అయితే మాత్ర నూరాలన్నా, పాలతో ఇవ్వాలన్నా వైద్యుని అడిగే చేయండి; కొన్ని మందులు పాలతో పనిచేయవు.

ఇంత జాగ్రత్తపడినా పిల్లి కరిచినా, గీరినా పసుపు అద్ది ఊరుకోకండి. పారే నీళ్ళకింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగండి.