జర్మను దేశపు వంటయిండ్లు

జర్మనుల భోజనమన్నంతనే మనలో పలువురకు మాంసము, బంగాళాదుంప, బీరు అను మూడు మాటలే స్ఫురించును. దక్షిణదేశమువారు ఇడ్లీ, దోసె మాత్రమే తిందురని పరాయివారు తేల్చివేసినచో మనకెట్లుండునో, ఈ మాట జర్మనులకును అట్లే యుండును. ఆ దేశమున ఒక వంటయిల్లు కాదు, అనేకములు కలవని మేము ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

దీనికి మొదటి కారణము చరిత్ర. 1871వ సంవత్సరమువరకు జర్మనీ ఏకరాజ్యము కాలేదు. అంతకుముందు రాజులు, ప్రభువులు, మతాధిపతులు, స్వతంత్ర నగరములు వేర్వేరుగ ఏలుకొనిన భూమి అది. ఏలిక మారినచోట ఆచారము మారెను. ఆచారముతోపాటు వంటయు మారెను.

రెండవ కారణము నేల. చలి హెచ్చుగనుండి, ఇసుకనేలలు గల ఉత్తరభాగమున గోధుమకంటె రై అను ధాన్యము బాగుగ పండును. రైపిండి గోధుమపిండివలె సాగదు. పులియబెట్టిననేగాని మంచి రొట్టె కాదు. అందుచే అచ్చటి రొట్టె నల్లగను, బరువుగను, కొంచెము పుల్లగను ఉండును. వెస్ట్‌ఫాలియా ప్రాంతపు పుంపర్‌నికెల్ రొట్టెను తక్కువ వేడిమిపై 16 గంటలకు తగ్గకుండ కాల్చుదురు. నేడు ఆ దేశపు రొట్టెల పట్టికలో 3,000కు పైగా రకములు నమోదై యున్నవి. రాత్రివేళ పలు కుటుంబములలో వేడివంట చేయరు. రొట్టె, వెన్న, చీజు, మాంసపు బిళ్లలు బల్లపై నుంచుకొని అందరును కలిసి తిందురు. ఆ భోజనమునకు 'ఆబెండ్‌బ్రోట్', అనగా సాయంకాలపు రొట్టె అనియే పేరు.

ప్రేగులో కీమా కూరి చేయు 'వుర్‌స్ట్' సంగతియు ఇట్టిదే. నూరెంబర్గువారిది వ్రేలెడంత, 9 సెంటీమీటర్లు మించరాదు. థూరింగియావారిది 15 సెంటీమీటర్లకు తగ్గరాదు. దానిని బొగ్గులపై కాల్చుదురు. మ్యూనిక్ నగరపు తెల్లని వుర్‌స్ట్ మధ్యాహ్నపు గంట వినరాదని నానుడి. మంచుపెట్టెలు లేని దినములలో ఉదయము చేసినది ప్రొద్దెక్కక మునుపే తినవలసి యుండెను. నేడు ఆ భయము లేకున్నను నానుడి నిలిచినది.

మతనియమములుకూడ వంటలను మార్చినవి. ష్వాబియాలో 'మౌల్‌టాషెన్' అను వంటకము కలదు. ఉపవాసదినములలో మాంసము దేవునికంట పడకుండ పిండిరేకులలో దాచిరని దానిపై చతురోక్తి. డ్రెస్‌డెన్ నగరపు క్రిస్మసు రొట్టెయగు 'ష్టోలెన్' కథ మరియొకటి. పండుగకు ముందటి ఉపవాసకాలమున వెన్న నిషిద్ధము. నూనెతో చేసినది రుచింపక సాక్సనీ ప్రభువులు రోమునకు మొరపెట్టుకొనగా, 1491లో పోపు ఎనిమిదవ ఇన్నోసెంటు వెన్న వాడుకొనుటకు అనుమతించెను.

అయితే ఈ వంటల వెనుక రుచి మాత్రమేగాక ఆకలియు కలదు. క్యాబేజీని సన్నగ తరిగి, ఉప్పుతో అదిమి, పులియనిచ్చి చేయు 'సౌర్‌క్రౌట్' చలికాలపు కొరతను దాటుటకైన ఉపాయము. దక్షిణ అమెరికానుండి వచ్చిన బంగాళాదుంపను జనులు మొదట శంకించిరి. ప్రష్యారాజగు రెండవ ఫ్రెడరిక్ 1756లో, రైతులకు నచ్చజెప్పి దానిని నాటింపుడని అధికారులకు ఉత్తరువిచ్చెను. పాట్స్‌డామ్‌లోని ఆయన సమాధిపై నేటికిని సందర్శకులు బంగాళాదుంపలుంచి పోవుదురు. ఆ దుంపయే 1916లో చెడిపోయినప్పుడు, యుద్ధకాలపు దిగ్బంధమున చిక్కిన ప్రజలు పశువులకు వేయు దుంపలు తిని బ్రతుకవలసివచ్చెను. 1916–17 నాటి ఆ చలికాలము 'దుంపల శీతకాలము' అను పేరనే చరిత్రకెక్కినది.

తుదకు ఒక వంటకమును గూర్చి చెప్పి ముగింతుము. కీమా ఉండలను ఉడికించి, కేపరు మొగ్గల పుల్లదనము గల తెల్లని చిక్కని రసములో వడ్డింతురు. దాని పేరు 'కోనిగ్స్‌బెర్గర్ క్లోప్సె', అనగా కోనిగ్స్‌బర్గువారి ఉండలు. జర్మనీ తానే రగిల్చిన యుద్ధమున ఓడినపిదప, 1945లో ఆ నగరము సోవియట్ల వశమై, 1946లో కాలినిన్‌గ్రాడ్ అయ్యెను. అచ్చటి జర్మనులు ఇల్లు వాకిలి విడిచి తరలిపోయిరి. తూర్పు జర్మనీలో ఆ పాతపేరు రాజకీయముగ ఇబ్బందియని, ఆ వంటకమును 'ఉడికించిన ఉండలు' అని పిలిచిన కాలముకూడ కలదు. కాని పేరు చావలేదు. నేడు బెర్లిను భోజనశాలలలో కోనిగ్స్‌బర్గు పేరుతోనే దానిని అడిగి తిందురు. పటమున కనరాని ఊరు పళ్లెమున మిగిలినది.

ఇకమీదట ఎవరైన జర్మనుల భోజనమెట్టిదని అడిగినచో, ఏ ఊరి భోజనమని మనము తిరిగి ప్రశ్నింపవచ్చును.