చివరి రోజుల మాట



సింగపూరులో 1985లో సెయింట్ జోసెఫ్స్ హోమ్ మరణాసన్నులకై 16 పడకలు కేటాయించింది. ఇక్కడ హాస్పిస్ సేవకు అదే నాంది. నొప్పికి మందులున్నవి. నర్సులమైన మాకు కష్టమైనది వేరు.

"నేనింక బ్రతకనా, తల్లీ?" అని రోగి అడుగుతారు. నిజం చెప్పవద్దని బిడ్డలు అంతకు ముందే మమ్మల్ని వేడుకొని ఉంటారు.

అంతకన్న కష్టం, కొందరు వృద్ధులు అవసానకాలంలో ఇంగ్లీషు, మలయ్ మరచి తెలుగులోనే పలవరించడం. మాలో తెలుగు వచ్చినవారు కొద్దిమందే, మనవలకూ రాదు. అడుగుతున్నది నీళ్ళనా, కొడుకునా తెలియదు.

కనుక మాదొక మనవి. దాహం, నొప్పి, భయం వంటి పది మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, అర్థంతో రాసి మంచం వద్ద ఉంచండి. తులసి తీర్థం పోసేముందు మమ్మల్ని అడగండి; మింగలేనివారికి పెదవులు తడిపితే చాలు. ఆ పది మాటలూ మీ పిల్లలకు ఇప్పుడే నేర్పండి.