కిలోవోల్టు

మన వీథి మూలనున్న ట్రాన్స్‌ఫార్మరునకు ఒక పలక వ్రేలాడుచుండును. దానిపై పుఱ్ఱె, ఎముకలు, ‘అపాయము’ అను మాట, ఆ క్రింద ‘11 కె.వి.’ అను గుర్తు. పుఱ్ఱెను చూచి పసిపిల్లలు జడియుదురు. అంకెను చూచి పెద్దలు కూడ జడియరు. ఇంటి దీపమునకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులని యెఱిగినవారికి 11 చిన్న సంఖ్యగానే తోచును. పొరపాటంతయు ఆ ‘కె’ అను అక్షరములో నున్నది. కిలో బియ్యమనగా వేయి గ్రాములైనట్లే కిలోవోల్టనగా వేయి వోల్టులు. ఆ పలక చెప్పుచున్నది 11,000 వోల్టులని. మన యింటి విద్యుత్తునకు దాదాపు 48 రెట్లు.

1800లో తొలి విద్యుద్ఘటమును లోకమునకు వెల్లడించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా పేర ఈ కొలత వెలసినది. 1881లో పారిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ మహాసభ దీనిని ఆమోదించినది. మేడమీది తొట్టి ఎంత ఎత్తున నున్న కొళాయిలో నీరు అంత ఒత్తిడితో దిగును గదా! తీగలో విద్యుత్తును నెట్టు అట్టి ఒత్తిడికి కొలత వోల్టు. ప్రవాహమునకు కొలత ఆంపియరు. రెంటిని గుణించినచో వాట్లు వచ్చును. కిలోవోల్టును కిలోవాటుగా భావించువారు చదువుకొన్నవారిలో సైతము కలరు.

ఇంత ఒత్తిడి యెందులకు? సులువైన లెక్క యొకటి చూతము. 110 కిలోవాట్లను 220 వోల్టులతో పంపవలెనన్న తీగలో 500 ఆంపియర్లు పాఱవలెను. 11 కిలోవోల్టులతో పంపినచో 10 ఆంపియర్లు చాలును. తీగ వేడెక్కి వృథాయగు శక్తి ప్రవాహముయొక్క వర్గమును బట్టి యుండును. కావున ప్రవాహము 50వ వంతునకు తగ్గిన, అదే తీగలో నష్టము 2,500వ వంతునకు తగ్గును. 1955లో ఉత్పత్తి మొదలిడిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 132 కిలోవోల్టుల తీగలపై ఆంధ్ర జిల్లాలకు దిగివచ్చుటకు కారణమిదియే. నేడు 400, 765 కిలోవోల్టుల మార్గములును మన పొలములమీదుగా సాగుచున్నవి. ఉక్కు గోపురములనుండి తీగను మోయు పింగాణీ చిప్పల వరుస ఎంత పొడవైన ఒత్తిడి అంత హెచ్చని దారిన పోవుచునే గ్రహింపవచ్చును.

తీగపై వ్రాలిన పిచ్చుకకు ఏమియు కాదేమని పిల్లలడుగుదురు. మంచి ప్రశ్న. దాని రెండు కాళ్లును ఒకే తీగపై, ఒకే ఒత్తిడిలో నున్నవి. కనుక దేహముగుండ ప్రవాహము నడువదు. గాలివానకు తెగి చేనిలో పడిన 11 కిలోవోల్టుల తీగ దగ్గఱ మన స్థితి వేఱు. తీగ నేలను తాకినచోట ఒత్తిడి మిక్కుటముగా నుండి, దూరము పోయినకొలది తగ్గును. పెద్ద అడుగు వేసినవాని ముందుకాలు ఒక ఒత్తిడిలో, వెనుకకాలు వేఱొక ఒత్తిడిలో నుండును. తీగను ముట్టకయే మనిషియు, పశువును కూలుట ఇందువలననే.

రబ్బరు చెప్పులు తొడిగితిమి, ఎండుకఱ్ఱ చేతనున్నది అను ధైర్యము ఇచ్చట పనికిరాదు. పడినవానిని లాగబోయి రెండవవాడును పడుట ఆ ధైర్యమువలననే జరుగును. సరఫరా నిలిపిరని రూఢిగా తెలియువఱకు పది మీటర్ల లోపలికి ఎవ్వరును పోరాదు. ఇదివఱకే లోపలనున్నవారు పరుగెత్తక, పాదములు రెండును జోడించి, నేలపైనుండి ఎత్తక, కొంచెము కొంచెముగా జరుగుచు వెలుపలికి రావలెను. ఒకరు కాపుండి పశువులను మఱల్పగా, మఱియొకరు 1912 సంఖ్యకు ఫోను చేసి ఊరిపేరును, దగ్గఱి స్తంభము గుర్తును చెప్పవలెను.