నడిపించి చూశారా?

(మహిళా ఆరోగ్య కార్యకర్తల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊపిరితిత్తులు మచ్చపడి గట్టిపడే జబ్బుల్ని డాక్టర్లు ఐ.ఎల్.డి. అంటారు. ఇది ఒక్క జబ్బు కాదు. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్, కీళ్లవాతంతో పాటు వచ్చేది, పావురాల రెట్ట, కూలర్లలో పట్టే బూజు పడక వచ్చేది, అన్నీ ఇందులోవే. 2017లో వెలువడిన మన దేశపు రిజిస్ట్రీలో 1,084 మంది రోగులుంటే, 47 శాతం మందికి ఉన్నది ఇలా ఏదో ఒకటి పీల్చి, అది పడక వచ్చిన రకమే.

మచ్చపడిన ఊపిరితిత్తి మళ్లీ మెత్తబడదు. కానీ ఆయాసానికి భయపడి కదలడం మానేస్తే కాళ్లలో సత్తువ పోతుంది, ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఈ విషవలయాన్ని తెంచేదే పల్మనరీ రిహాబిలిటేషన్. డాక్టరు పరీక్షించాక 6 నుంచి 12 వారాల పాటు, వారానికి కనీసం రెండుసార్లు నడక, కండరాల వ్యాయామం, జబ్బు గురించిన అవగాహన. దీనివల్ల ఆయాసం తగ్గిందనీ, 6 నిమిషాల్లో నడిచే దూరం సగటున 40 మీటర్లు పెరిగిందనీ 2021 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. 40 మీటర్లంటే చాలామందికి ఇంటి నుంచి వీధి కుళాయి దాకా.

మరి ఆడవాళ్లకిది అందుతోందా? ఈ జబ్బులో కూర్చున్నప్పుడు ఆక్సిజన్ బాగానే ఉండి, కదిలితే పడిపోవచ్చు. ఇంట్లోవాళ్లు దాన్నే "కూర్చుంటే బాగుంటుంది, పని చెబితే ఆయాసం" అని దెప్పుతారు. జబ్బు లక్షణమే ఆమె మీద నేరమవుతుంది! చికిత్స గురించి చెబితే, "పొద్దస్తమానం పనిచేస్తూనే ఉందిగా, మళ్లీ వ్యాయామమెందుకు?" అంటారు. చాకిరీ వ్యాయామం కాదు. వ్యాయామంలో పక్కన ఒకరుండి వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూస్తారు. ఆక్సిజన్ పడిపోతే ఆపి కూర్చోబెడతారు. బిందె మోసేటప్పుడు ఆమెను ఆగమనేదెవరు? మగవాడికి జబ్బు చేస్తే సేవకు భార్య ఉంటుంది. భార్యకు జబ్బు చేస్తే?

దీనికి పెద్ద యంత్రాలక్కర్లేదు. 30 మీటర్ల వరండా, ఆక్సీమీటర్, కుర్చీ, అవసరమైనవారికి ఆక్సిజన్, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు చాలు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఇది ఉండాలని అడుగుదాం. బస్సు చార్జీ, పోయిన కూలీ కూడా చికిత్స ఖర్చులో భాగమేనని వాదిద్దాం. ఆ వారాల్లో ఇంటిపని ఎవరు చేస్తారో మగవాళ్లనూ కూర్చోబెట్టి తేలుద్దాం.

ఆయాసపడే స్త్రీకి "నీరసం" అని టానిక్ రాసి పంపితే, మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఆమెను నడిపించి చూశారా?